మీవాడైన ఒనేసిము

చదువవలసిన వాక్యభాగములు: ఫిలేమోను పత్రిక అంతయు, కొలొస్సయులకు 3:9–11, 4:7–9, 1 కొరింథీయులకు 6:9–11.



బైబిలులో ఇరువదియైదు వచనములు మాత్రమే గల ఒక చిన్న ఉత్తరమున్నది. ఆదివారమునాడు గంట కొట్టినది మొదలు వెనుక చాపలు నిండులోపల దానిని చదివి ముగింపవచ్చును. అయినను ఫిలేమోను పత్రికను పాఠముగా తీసికొనుట మన గ్రామ సంఘములలో అరుదు. అందులో అద్భుతము లేదు, ఉపమానము లేదు. ఒక యజమానుడు, అతని యిల్లు విడిచిపోయిన దాసుడు, వారిద్దరికిని నడుమ చెరసాలలోనుండి కలము పట్టిన ఒక వృద్ధుడు, అంతే. కాని దేవుడు క్షమించిన మనుష్యుని ఇకమీదట మనము ఏమని పిలువవలెను అను ప్రశ్నకు ఇంత సూటిగా జవాబు చెప్పు భాగము వేరొకటి నాకు కనబడలేదు. ఈ నెల మన పాఠము అదియే.

ఒనేసిము కొలొస్సయి పట్టణములో ఫిలేమోను ఇంటి దాసుడు. ఫిలేమోను మంచి విశ్వాసి, పరిశుద్ధులకు ఆదరణ కలుగజేసినవాడు. ఆ ఊరి సంఘము అతని యింటనే కూడుకొనుచుండెను. అట్టి యింటినుండి ఒనేసిము వెళ్లిపోయెను. వెళ్లునప్పుడు ఏమి తీసికొనిపోయెనో పౌలు వివరింపలేదు గాని, నష్టమనియు బాకీయనియు 18వ వచనములో దాచక వ్రాసెను. ఆ కాలపు రోమా రాజ్యములో పారిపోయిన దాసుడు దొరికినయెడల నుదుట వాత వేయుట కలదు; మెడకు ఇనుప పట్టెడ తగిలించుటయు కలదు. ఇతడు పారిపోయినవాడు, పట్టి అప్పగింపుడని భావమిచ్చు వ్రాతతో కూడిన పట్టెడలు, తరువాతి శతాబ్దములకు చెందినవి, ఇప్పటికిని కొన్ని నిలిచియున్నవి. అనగా తప్పు చేసిన దినమున అతనికొక పేరు పడెను. ఆ పేరు అతని చర్మముమీదనే వ్రాయబడవచ్చును.

ఒనేసిము అను మాటకు ప్రయోజనకరుడని అర్థము. దాసులకు సాధారణముగా పెట్టు పేరది; పనికివచ్చుటయే దాసునివలన కావలసినది గదా. పౌలు ఆ పేరుమీదనే 11వ వచనములో మాటాడుచున్నాడు: పేరునకు ప్రయోజనకరుడైనను మునుపు నీకు పనికిరానివాడాయెను, ఇప్పుడో నీకును నాకును పనికివచ్చువాడు అని భావము. ముసలివాడు చెరలోనుండియు చిరునవ్వుతో వ్రాసిన వాక్యమిది. అయితే ఆ చిరునవ్వు వెనుక అతడు తప్పును చిన్నది చేయలేదు. పిల్లవాడు, తెలియక చేసెను, పోనిమ్ము అని వ్రాయలేదు. బాకీ బాకీయే. దానిని ఎవరో ఒకరు తీర్చవలెను.

ఇక్కడ మన సేద్యగాండ్రకు ఎవరును వివరించి చెప్పనక్కరలేని ఒక సంగతి వచ్చుచున్నది. వానలు కురియని ఏట విత్తనపు కాయలకు అప్పు చేసినప్పుడు ప్రోనోటుమీద మన సంతకము చాలదు. జామీను సంతకము అడుగుదురు. ఆ రెండవ సంతకము పెట్టువాడు దొరకుట ఎంత కష్టమో మనకు తెలియును. బావమరిది తప్పించుకొనును, చిన్నాన్న ఊరిలో లేనని చెప్పి పంపును. పెట్టినవాడు తన పొలమునే పణముగా పెట్టుచున్నాడని ఎరుగును. పౌలు ఏమి చేసెనో చూడుడి. అతడచ్చినది నా ఖాతాలో వ్రాసికొమ్మనెను. అంతటితో నిలువక, లేఖకుని చేతినుండి కలము తీసికొన్నట్లుగా, ఇది నా స్వహస్తమనియు నేనే తీర్తుననియు 19వ వచనములో సంతకము చేసెను. చెరలోనున్న ముసలివానికి ఆస్తి యేది? అయినను వ్రాసెను. ఏలయనగా తన బాకీని మరియొకడు అట్లే తన ఖాతాలో వ్రాసికొనిన దినమును అతడు మరువలేదు. సంఘమును హింసించిన సౌలు బాకీ చిన్నది కాదు. సిలువమీద ప్రభువు పెట్టిన సంతకమును చూచిన చేతులే ఇట్టి సంతకము పెట్టగలవు.

దేవుని క్షమాపణ అనగా తప్పును చూడనట్లు ముఖము త్రిప్పుకొనుట కాదు. బాకీని పూర్తిగా లెక్కించి, దానిని తానే చెల్లించి, పత్రమును చింపివేయుట. మనము క్షమించునది వేరొక విధము. మన పెన్నలో సంవత్సరములో ఎక్కువ నెలలు ఇసుకయే గదా. ఆ ఇసుకలో ఒక వస్తువును పూడ్చినయెడల పైకి కనబడదు, నిజమే. కాని వేసవిలో నీళ్లకొరకు చెలమ త్రవ్వినప్పుడు పార తగులును, మరల బయటికి వచ్చును. మనము అన్నల తప్పులను అట్లే పూడ్చుదుము. పొలము గట్టుమీద మాట వచ్చినప్పుడు, సంఘపెద్దల ఎన్నిక వచ్చినప్పుడు, పెండ్లి సంబంధము వచ్చినప్పుడు చెలమ త్రవ్వుదుము. మీకా ప్రవక్త తన గ్రంథము చివర 7:19లో చెప్పినది వేరు; దేవుడు మన పాపములను ఇసుకలో కాదు, సముద్రపు లోతులలో పడవేయునని ఆయన సాక్ష్యము. మనలో సముద్రమును చూడనివారు అనేకులుందురు. చూచినవారిని అడుగుడి, అక్కడ ఎవరైనను చెలమ త్రవ్వగలరా అని.

ఇంతవరకు క్షమాపణను గూర్చి. పౌలు ఇక్కడ ఆగిపోయినయెడల ఒనేసిము క్షమింపబడిన దొంగగా ఇంటికి చేరును. శిక్ష తప్పును, పేరు మిగులును. పౌలు ఒక అడుగు ముందుకు వేసెను. చెరలో నేను కనిన కుమారుడని 10వ వచనములోను, నా ప్రాణమువంటివాడని 12వ వచనములోను, దాసునికంటె ఎక్కువైన ప్రియ సహోదరుడని 16వ వచనములోను వ్రాసెను. తుదకు, నన్ను చేర్చుకొన్నట్లే అతనిని చేర్చుకొమ్మని 17వ వచనములో అడిగెను. వాకిట నిలిచిన ఒనేసిమును చూచి ఫిలేమోను పౌలుకు వేయు పీటనే వేయవలెను. అదే సమయమున కొలొస్సయి సంఘమునకు పంపిన పెద్ద ఉత్తరములో, 4:9లో, ఒనేసిము మీలోనివాడే అని ఆ ఊరందరికిని చెప్పెను. ఊరు విడిచి పారిపోయినవానిని మీవాడని ఊరికే తిరిగి అప్పగించెను.

కొరింథు సంఘమునకు వ్రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయములోను ఇదే పద్ధతి. దొంగలు, లోభులు, త్రాగుబోతులు, దోచుకొనువారు అని పొడుగాటి జాబితా చదివి, మీలో కొందరు అట్టివారుగా ఉండిరి అని పౌలు చెప్పెను. ఉన్నారు అనలేదు, ఉండిరి అనెను. క్రియాపదములోని కాలము ఒక్కటి మారినందున ఒక మనుష్యుని బ్రదుకంతయు మారినది. కడుగబడినవానిని, పరిశుద్ధపరచబడినవానిని, నీతిమంతుడుగా తీర్చబడినవానిని గూర్చి మాటాడునప్పుడు ఉన్నాడు అని నోరు జారువాడు వ్యాకరణములోనే గాక సువార్తలోను తప్పుచున్నాడు.

మన పామిడి బట్టల బజారునకు చుట్టుప్రక్కల ఊళ్లనుండి పండుగకు ముందు అందరును వచ్చుచుందురు. అక్కడ కొత్త అంగీ కొన్నవాడు దానిని చెమటపట్టిన పాత అంగీమీదనే తొడుగుకొని ఇంటికి పోడు. ముందు పాతది విడుచును. కొలొస్సయులకు 3:9–10లో పౌలు చెప్పిన పోలిక అదియే: పాత మనుష్యుని విడిచి నూతన మనుష్యుని ధరించుట. ఆ వెంటనే 11వ వచనములో, ఆ నూతనత్వములో దాసుడు, స్వతంత్రుడు అను భేదము లేదని కలదు. ఈ మాట ఆ సంఘములో మొదటిసారి చదువబడినప్పుడు వినువారి నడుమ ఒనేసిము ఉన్నాడు, ఉత్తరము తెచ్చినవారిలో అతడు ఒకడు గనుక. దాసుడు అను మాట వచ్చినప్పుడు ఎన్ని కన్నులు అతనివైపు తిరిగెనో!

పేరు సంగతి మన పెద్దలు ఎరుగనిది కాదు. లండను మిషనువారు 1822లో కడపలో పని మొదలుపెట్టిరి. తరువాత గుత్తి, అనంతపురము ప్రాంతములకును ఆ పని వచ్చెను. ఆ రెంటి నడుమనున్న మన పల్లెలలో సువార్త విన్నవారు చాలవరకు ఊరి వెలుపల గుడిసెలలో ఉండినవారు. పెంటయ్య, పుల్లయ్య అను పేర్లు గలవారు బాప్తిస్మమునాడు దేవదానము, సత్యానందము అను పేర్లు పొందిరి. పేరు మారుటచేత రక్షణ కలుగదు. పాత పేరుతోనే నమ్మకముగా జీవించి ప్రభువునొద్దకు పోయినవారును ఎందరో. అయినను ఆ కొత్త పేరు వారికి తియ్యగా ఉండెను. ఊరిలోనికి పోయినప్పుడు మాత్రము, ఒరే అనియు గాడు అనియు వెనుకటి పిలుపే. దేవుడు పెట్టిన పేరును ఊరు ఒప్పుకొననప్పుడు కలుగు నొప్పి మన తాతలు పడినది. ఆ తాతల మనుమలమైన మనము మన చాపమీద కూర్చున్న సహోదరునికి ఆ నొప్పినే తిరిగి పెట్టుట న్యాయమా?

ఇక్కడ ఒక భేదమును గట్టిగా పట్టుకొనవలెను. మనుష్యులమీద పడు పేర్లన్నియు వారి పాపమువలననే పడలేదు. 1871లో ఆంగ్ల ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టమని ఒక చట్టము చేసెను. 1911లో చేసిన చట్టముతో అది మద్రాసు రాజధానికిని వచ్చెను. మన అనంతపురము జిల్లా అప్పుడు ఆ రాజధానిలోనిదే. ఎరుకలవారు మొదలైన కొన్ని కులములవారిని ఆ కులములో పుట్టిరన్న కారణముచేతనే రిజిస్టరులో ఎక్కించిరి, వ్రేలిముద్రలు తీసిరి, వేళకు హాజరు చెప్పించిరి; సెలవు చీటి లేక వారు ఊరు దాటరాదు. అట్టివారిని ఉంచుటకు ఏర్పరచిన సెటిల్మెంటులలో కొన్నిటిని మిషనులు నడిపినవి: బాపట్ల దగ్గర స్టూవర్టుపురమును సాల్వేషన్ ఆర్మీవారు, నెల్లూరు జిల్లా కావలిలోని దానిని అమెరికను బాప్టిస్టు మిషనువారు. వారు బడులు పెట్టిరి, పని నేర్పిరి. ఆ మేలును మరువరాదు. అయినను ఒక చేత వేదగ్రంథమును ఒక చేత హాజరుపట్టీని పట్టుకొని, దేవుడు నిన్ను కొత్తవానిగా చేసెనని చెప్పుట ఎట్లు? ప్రొద్దున ప్రార్థనలో సహోదరుడు, రాత్రి హాజరులో నేరస్థుడు. స్వతంత్ర భారత ప్రభుత్వము 1952 ఆగస్టు 31న ఆ చట్టమును దేశమంతట రద్దుచేసెను. అప్పటినుండి వారికి విముక్త జాతులని పేరు. రిజిస్టరు పోయెను గాని, ఊరిలో మేక కనబడనిచో మొదట ఎవరి గుడిసెవైపు చూతురో మీకు తెలియును.

ఆ రిజిస్టరులో ఎక్కినవారు పుట్టుకనుబట్టి ఎక్కిరే గాని తప్పునుబట్టి కాదు. వారిమీద పడిన పేరునకు దేవుని క్షమాపణ అక్కరలేదు. ఆ పేరు పెట్టినవారికే క్షమాపణ అక్కర. అందరివలె వారికిని తమ తమ పాపములు వేరుగా ఉన్నవి. వాటికి అందరివలె వారికిని అదే సిలువ. దీనిని కలగలిపి, సువార్త ఒక కులమును దొంగతనమునుండి మార్చినదని ప్రసంగపీఠముమీద చెప్పు అలవాటు మనలో కొందరికి కలదు. అది సాక్ష్యమువలె వినబడును గాని, పాత చట్టమునే మరల చదువుట.

లూకా సువార్తలో ప్రభువు ఈ రెండు విధములవారిని కలిసికొనెను. 13వ అధ్యాయములో పదునెనిమిదేండ్లు నడుము వంగిపోయిన స్త్రీ కలదు. ఆమె తప్పు ఏమియు అక్కడ చెప్పబడలేదు, రోగమే. 19వ అధ్యాయములో జక్కయ్య కలడు. అతడు సుంకము పేర ప్రజలను పీడించి ధనికుడైనవాడు. అతని తప్పు నిజమైన తప్పు. ప్రభువు ఆమెను అబ్రాహాము కుమార్తె యనెను, అతనిని అబ్రాహాము కుమారుడనెను. అన్యాయముగా వంగినదానికిని, అన్యాయము చేసి క్రుంగినవానికిని ఒకే ఇంటిపేరు! సమాజమందిరపు అధికారి కోపపడెను, యెరికోవారు సణిగిరి. క్రొత్త పేరు పెట్టినప్పుడు సణుగువారుండుట నాటినుండియే కలదు.

అయితే జక్కయ్య లేచి నిలిచి చెప్పిన మాటను విడువరాదు. అన్యాయముగా తీసికొనినదానిని నాలుగంతలుగా తిరిగి ఇత్తుననెను. గొఱ్ఱెను దొంగిలించి అమ్మినవాడు ఒకటికి నాలుగు ఇయ్యవలెనను నిర్గమకాండము 22:1లోని కట్టడను తనకు తానే విధించుకొనెను. క్షమింపబడినవాడు బాకీ ఎగవేయుటకు సువార్తను అడ్డుపెట్టుకొనరాదు. ప్రభువు నన్ను క్షమించెను, ఇక నీకు నేనేమియు ఇయ్యనక్కరలేదని పొరుగువానితో చెప్పువాని మారుమనస్సును నేను నమ్మను. ఒనేసిము కూడ తిరిగి వచ్చెను. ఎంతో దూరమునుండి తన కాళ్లతో నడచి, తాను నష్టపరచిన ఇంటి వాకిటికే వచ్చెను. దానికి ధైర్యము కావలెను. ఆ ధైర్యము చూపినవానియెడల మనమేమి చేయుదుము?

ఇది వ్రాయుటకు నాకొక కారణము కలదు. మన ప్రాంతపు సంఘములలో ఒకదానియందు ఒక సహోదరుడున్నాడు. కరవు ఏట, ఇంట పిల్లలు పస్తుండగా, అతడు మరియొకని కళ్లములోనుండి వేరుసెనగ మూటలు రెండు ఎత్తుకొనిపోయి పట్టుబడెను. కొన్ని నెలలు జెయిలులో ఉండెను. వచ్చినతరువాత బెంగుళూరు పోయి ఇండ్లు కట్టు పనిలో కూలి చేసి, రెండు మూటలకు ధర కట్టి, ఆ కళ్లముగలవాని చేతిలో అందరియెదుట పెట్టెను. ఆ తరువాతనే బాప్తిస్మము అడిగెను. ఇది జరిగి పదునైదేండ్లు దాటినది. త్రాగడు, అబద్ధమాడడు, ప్రార్థన తప్పడు. అయినను చందాసంచి త్రిప్పుటకు ఇంతవరకు ఎవరును అతనిని పిలువలేదు. అతని కుమార్తెను చూడవచ్చినవారితో మనవారే ఒకరు, మూటలవాని బిడ్డా అని అడిగిరి. సంబంధము తప్పిపోయెను.

నిరుడు కోతపండుగకు నేను ఆ సంఘమునకు పోయియుంటిని. కానుకలను బల్లయొద్ద పెట్టిరి: గుమ్మడికాయలు, కోళ్లు, జొన్నలు. ఈ సహోదరుడు తన పొలములో పండిన వేరుసెనగ మూట ఒకటి భుజముమీద మోసికొని వచ్చి పెట్టెను. ఆ ఏట అతనికి పండినదే కొంచెము. వేలము మొదలుకాగానే వెనుకనుండి ఒకడు, ఇది ఎవరి కళ్లములోనిది అని అడిగెను. అందరును నవ్విరి. స్త్రీలు కొంగులు నోటికి అడ్డము పెట్టుకొని నవ్విరి. అతడును నవ్వెను. వేలము పాట పిలుచుచున్నవాడను నేనే, నేనును నవ్వితిని. ఆ రాత్రి తిరిగివచ్చుచు, అతడు నవ్వినప్పటి ముఖమును తలంచుకొంటిని. అందరితోకూడ తానును నవ్వనియెడల అక్కడ నిలువ వీలులేనివాని నవ్వు అది.

ఫిలేమోను పత్రిక మొదటి వచనములను మరల చూడుడి. అది ఫిలేమోనుకు మాత్రమే వ్రాయబడలేదు. అప్ఫియకును, అర్ఖిప్పుకును, ఆ యింట కూడు సంఘమంతటికిని అని 2వ వచనములో కలదు. ఇద్దరి నడుమ గుట్టుగా తీర్చుకొనదగిన సంగతిని పౌలు సంఘమంతటియెదుట ఏల పెట్టెను? యజమానుడు క్షమించినను, ఆ యింట నీళ్లు మోయు తక్కిన దాసులు, ప్రక్కచాపమీద కూర్చుండు సహోదరులు పాత పేరుతో పిలుచుచున్నయెడల ఒనేసిము ఆ యింట బ్రదుకలేడని అతనికి తెలియును. ఫిలేమోను ఆ ఉత్తరమును ఏమి చేసెనని కొందరడుగుదురు. దానిని చింపివేయలేదు; అందుచేతనే అది మన చేతిలోనున్నది. రెండవ శతాబ్దారంభమున అంతియొకయ అధ్యక్షుడైన ఇగ్నేషియసు, రోమాలో మరణశిక్షకు కొనిపోబడుచు, ఎఫెసు సంఘమునకు ఒక ఉత్తరము వ్రాసెను. ఆ సంఘపు అధ్యక్షుని పేరు అందులో ఒనేసిము. అది దాసులలో అనేకులకుండిన పేరే గనుక, అతడే ఇతడని రూఢిగా చెప్పుటకు వీలులేదు. కాని దాసుల పేరు గలవాడొకడు అంత పెద్ద పట్టణపు సంఘమునకు అధ్యక్షుడుగా ఉండుట మాత్రము నిజము.

కోతపండుగ మరల వచ్చుచున్నది. ఆ సహోదరుడు ఈ యేడును మూట తెచ్చునని అతని భార్య చెప్పినది. వేలము పాట పిలువవలసినవాడను ఈసారియు నేనే. ఆ దినము వేలమునకు ముందు చదువవలసిన పాఠముగా ఫిలేమోను పత్రికను నియమింపుమని ఆ సంఘపు ఉపదేశిగారికి వ్రాసితిని. చదువుటకు ఆ సహోదరునే నిలువబెట్టవలెనని అడిగితిని. ఉపదేశిగారినుండి జవాబు ఇంకను రాలేదు.